లెన్స్ కన్నా పెద్ద పని

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే విద్య, నేర్పే సంస్థకు ఒక ఆస్ట్రేలియా ప్రొఫెసర్ పేరు పెట్టారు. ఆయన బ్రయన్ హోల్డెన్. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు పనిచేసి 2015లో మరణించారు. ఎక్కువమందికి ఆయన కాంటాక్ట్ లెన్సుల మనిషి. నా లెక్కలో అది ఆయన చేసిన రెండో పెద్ద పని.

కంటి ముందుభాగాన అద్దంలా ఉండే పొర కార్నియా. అందులో రక్తనాళాలుండవు. దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు నేరుగా గాలి నుంచే అందాలి. లెన్స్ పెట్టుకుని నిద్రపోతే ఆ దారి మూసుకుపోయి కార్నియా ఉబ్బుతుంది. ఉబ్బకుండా ఉండాలంటే లెన్స్ గుండా ఎంత ఆక్సిజన్ వెళ్లాలో 1984లో హోల్డెన్, ఆయన తోటి పరిశోధకుడు మెర్ట్జ్ కొలిచి చెప్పారు. ఆక్సిజన్‌ను బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు తయారుచేసినవాళ్లకు ఆ అంకెలే గురి. వాటి మీద వచ్చిన రాయల్టీని ఆయన పరిశోధనకూ, పేదల కంటి వైద్యానికీ మళ్లించారు. కంపెనీలతో ప్రొఫెసర్ల చెలిమి అంటే నాకు అనుమానమే. ఇక్కడ మాత్రం సొమ్ము ఎటు పోయిందో కనిపిస్తోంది.

అసలు పని వేరే ఉంది. అంధత్వాన్ని లెక్కగట్టేటప్పుడు చాలాకాలం అద్దాలు పెట్టాక వచ్చే చూపునే చూసేవారు. అంటే అద్దాలు కొనలేక తడుముకునే మనిషి ఆ లెక్కలోకే రాడు. ఈ పద్ధతి తప్పని పోరినవాళ్లలో హోల్డెన్ ముందున్నారు. సరైన అద్దాల్లేక చూపు దెబ్బతిన్నవాళ్లు 15.3 కోట్లమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా బయటికొచ్చింది 2006లో. అందులో చత్వారం వచ్చినవాళ్లు లేరు! నలభై దాటాక తునికాకు కత్తిరింపు కుదరక బీడీలు తగ్గిపోయే ఆడమనిషికి అదే కూలి నష్టం.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో ఊరూరా అద్దాలు పంచారు. మంచి పనే. కానీ సైటు మారుతూ ఉంటుంది, శిబిరం ఏటా రాదు. హోల్డెన్ అద్దాలతో పాటు పరీక్షించే మనిషిని తయారుచేయడం మీద పట్టుబట్టింది అందుకే. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి దూరపుచూపు మందగిస్తుందన్న ఆయన బృందం అంచనా, ఆయన పోయాక 2016లో అచ్చయింది. ప్రతి మండలంలో ఏడాది పొడవునా కళ్లు పరీక్షించే ఒక్క ఆప్టోమెట్రిస్టుకు జీతమివ్వడం శిబిరాల కన్నా ముందు జరగాల్సిన ఖర్చు.