సవరణ: పోర్టు కన్నా వన్‌టౌనే పాతది

విశాఖ పాత నగరం వన్‌టౌన్ మీద మొన్న పెట్టిన పోస్టులో "పోర్టు వచ్చాకే వన్‌టౌన్ ఊరైంది" అన్న వాక్యం తీసేశాను. "పోర్టు వచ్చాక వన్‌టౌన్ ఇంకా కిక్కిరిసింది" అని చదువుకోండి. పోర్టులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ వచ్చింది 1933లో. వన్‌టౌన్‌లోని సెయింట్ అలోషియస్ బడి అంతకు ముందే, 1847 నాటిది. ఈస్టిండియా కంపెనీ వాళ్లయితే పదిహేడో శతాబ్దంలోనే ఇక్కడ దుకాణం తెరిచారు.

మూడు కొండల సంగతి. రాస్ హిల్ మీద మరియమాత చర్చి, తర్వాత దర్గా కొండ, ఆ పక్కనే వెంకటేశ్వర స్వామి కొండ. పోస్టు చదివితే అనిపించినట్టు ఇవి ఊరంతా చెల్లాచెదురుగా లేవు, హార్బరు దగ్గర పక్కపక్కనే ఉన్నాయి.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి డబ్బుల్లేక కప్పు వేయలేదేమో అనిపించేలా ఉంది ఆ పోస్టులోని పేరా. అదేం కాదు. అమ్మవారు ఆరుబయట ఉండటమే అక్కడి ఆచారం. మార్గశిర గురువారాల్లో క్యూ వీధి దాటిపోతుంది. అంతసేపు నిలబడి వెళ్లినవాళ్లు పసుపు, కుంకుమ తమ చేత్తోనే అమ్మవారికి పెడతారు, మధ్యలో పూజారి ఉండక్కర్లేదు. చంటిబిడ్డల్ని ఆవిడ పాదాల దగ్గర పడుకోబెట్టేవాళ్లూ ఉంటారు. నన్నడిగితే పాత బంగళాల కన్నా ముందు చూడాల్సింది ఇదే.

పోస్టులోని ఫొటో మాత్రం మార్చలేదు. అది కురుపాం మార్కెట్ ద్వారమే.