‘నాలుగు క్యారెక్టర్లకోసారి తెంచితే చాలు’ అన్నది తప్పు: తెలుగు మాటను ఎక్కడ విడగొట్టాలి

తిరుపతి, చిత్తూరు వైపు డీటీపీ పనిచేసేవాళ్ళ మధ్యా, వెబ్‌సైట్లు కట్టే కుర్రాళ్ళ మధ్యా ఒక వాట్సాప్ సందేశం చేతులు మారుతోంది. సారాంశం ఇది: “తెలుగుకు హైఫనేషన్ (వరుస చివర మాటను తెంచడం) లైబ్రరీ అక్కర్లేదు. మాటను నాలుగు క్యారెక్టర్లకోసారి తెంచండి. అందంగా కావాలంటే గ్రాఫీమ్ క్లస్టర్ (కంప్యూటర్ ఒకే అక్షరంగా లెక్కించే గుర్తుల గుంపు) పట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడండి. ఆ కోడే తమిళం, కన్నడం, ఇంగ్లీషు అన్నిటికీ సరిపోతుంది. సాఫ్ట్ హైఫన్లు (వరుస తెగితేనే గీతగా కనిపించే గుర్తులు) ఒకసారి పెట్టి సేవ్ చేసుకుంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదు.”

ఇందులో ఒక్క నిజం ఉంది. ఇంగ్లీషులా తెలుగుకు వేల ప్యాటర్న్‌లు (ఎక్కడ తెంచాలో చెప్పే చిన్న సూత్రాలు) అక్కర్లేదు, ఎందుకంటే మన లిపిలోనే అక్షరం ఎక్కడ ముగుస్తుందో కనిపిస్తుంది. మిగతాదంతా తప్పు. నమ్మి వాడితే చెడిపోయేది రెండు కాలమ్‌ల కరపత్రమో, ఫోన్ తెర మీది పేజీయో కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

“నాలుగు క్యారెక్టర్లకోసారి తెంచండి.”

కంప్యూటర్ లెక్కలో క్యారెక్టర్ అంటే కోడ్ పాయింట్ (ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య), మన అక్షరం కాదు. ‘తిరుపతి’ మనకు నాలుగు అక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు. ‘శ్రీకాళహస్తి’ మనకు అయిదు, దానికి పన్నెండు. ‘చిత్తూరు’ మనకు మూడు, దానికి ఎనిమిది: చ, గుడి, త, పొల్లు, త, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. నాలుగో దాని తర్వాత తెంచితే ‘చిత్’ ఒక వరుసలో, ‘తూరు’ మరో వరుసలో పడతాయి. వత్తు ఊడిపోయి ఊరిపేరే మారిపోయింది. మూడో దాని తర్వాత తెంచితే ఇంకా ఘోరం: రెండో వరుస పొల్లు గుర్తుతో మొదలవుతుంది, దానికి ఆధారమైన హల్లు లేక ఫాంటు చుక్కల వలయం గీస్తుంది. ‘తిరుపతి’లో నాలుగో స్థానం అదృష్టం కొద్దీ సరిగ్గా కుదురుతుంది. ఆ ఒక్క మాటతో పరీక్షించి సందేశం పంపినట్టున్నారు.

“గ్రాఫీమ్ క్లస్టర్ పట్టుకుంటే చాలు.”

ఇది మొదటిదానికన్నా మెరుగు, కానీ మీ కోడ్ కింద ఉన్న యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) ఏ వెర్షన్‌దో తెలియకుండా వాడకూడదు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ వరకు యూనికోడ్ నియమం పొల్లు దగ్గర క్లస్టర్‌ను ముగించేది. అంటే ‘త్తూ’ రెండు ముక్కలు: ‘త్’, ‘తూ’. 15.1లో వత్తులను కలిపి ఉంచే నియమం చేరింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం అందులో ఉన్నాయి, కన్నడం లేదు. అందుకే కొత్త కంప్యూటర్‌లో సరిగా వచ్చిన కోడ్ పాత సర్వర్‌లో ‘చిత్-తూరు’ ఇస్తుంది, రాసినవాళ్ళకు కారణం అంతుపట్టదు. యూనికోడ్ పనులు చేసే ఐసీయూ లైబ్రరీలో అయితే 74వ వెర్షన్ నుంచి ఈ నియమం ఉంది.

వెర్షన్ సరిపోయినా క్లస్టర్ హద్దు అంటే తెంచదగిన చోటు అని కాదు. ‘సాఫ్ట్‌వేర్’ చూడండి. దాని ముక్కలు సా, ఫ్ట్, వే, ర్. ‘సా’ దగ్గర తెంచితే కింది వరుస అచ్చులేని ‘ఫ్ట్’తో మొదలవుతుంది. ‘వే’ దగ్గర తెంచితే ఒంటరి ‘ర్’ కిందికి దిగుతుంది. తెలుగు చదివే కన్ను రెండిటినీ ఒప్పుకోదు. తెంచదగింది ‘సాఫ్ట్’ తర్వాత మాత్రమే. పొల్లు హల్లు ముందటి అక్షరానికి అతుక్కుని ఉండాలి. ఇంగ్లీషు మాటలు ఇంతగా కలిసిన నేటి తెలుగులో ఈ ఒక్క నియమం తప్పితే పేజీ నిండా తప్పులే.

ఇక్కడే లైబ్రరీ ఎందుకో తెలుస్తుంది. పైథాన్‌లో పైఫెన్ అనే లైబ్రరీ ఉంది. లిబ్రెఆఫీస్ వాడే హైఫనేషన్ ఫైళ్ళనే అదీ చదువుతుంది. ఆ పద్ధతిని ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్ సిద్ధాంత గ్రంథంలో వివరించాడు. అక్షరాల మధ్య అంకెలుంటాయి. బేసి అంకె అంటే తెంచవచ్చు, సరి అంకె అంటే తెంచకూడదు, ఒకే చోట రెండు ప్యాటర్న్‌లు తగిలితే పెద్ద అంకెదే మాట. తెలుగుకు మూల సూత్రాలు చిన్నవి: ప్రతి హల్లు ముందూ 1, గుణింతపు గుర్తు ముందు తెంచకూడదు, సున్నా విసర్గల ముందు 2, పొల్లుకు రెండు వైపులా 2. వీటితోనే వత్తులు చెదరకుండా ఉంటాయి.

ఈ మూల సూత్రాలకు పైన చెప్పిన పొల్లు సంగతి తెలియదు. దాన్ని మీరే చేర్చాలి. మాట చివరి పొల్లుకు ‘2ర్.’ అని ఒక ప్యాటర్న్ రాస్తే చాలు. చివరి చుక్క మాట ముగిసిందని గుర్తు, 2 అంకె ‘1ర’ మీద గెలుస్తుంది. ఇలాగే ల్, న్, స్, ట్ మొదలైన హల్లులన్నిటికీ. కానీ ‘సాఫ్ట్‌వేర్‌లో’ అన్నప్పుడు ఆ ‘ర్’ మాట చివర లేదు, దాని తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (తర్వాతి హల్లు వత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉంది. కాబట్టి చుక్కకు బదులు ఆ గుర్తు పెట్టి రెండో ప్యాటర్న్ కూడా రాయాలి. ‘ఫ్ట్’ లాంటి జంటలకూ అంతే. అందరూ మరిచేది ఈ రెండోదే.

కనీస అక్షరాల లెక్కలోనూ ఒక గుంట ఉంది. పైఫెన్‌లో ఎడమ, కుడి వైపు కనీసం 2 అని ముందే అమర్చి ఉంటుంది. అది కోడ్ పాయింట్ల లెక్క. ‘ర్’ రెండు కోడ్ పాయింట్లు, ‘తి’ రెండు. కాబట్టి ‘తిరుప-తి’ని అది అడ్డుకోదు. ఆ సంఖ్య పెంచినా లాభం లేదు: ‘స్తి’ నాలుగు, ‘ళ’ ఒకటి. లైబ్రరీ ఇచ్చిన స్థానాలు తీసుకుని, ఇరువైపులా ఎన్ని అక్షరాలున్నాయో మీరే లెక్కపెట్టి, రెండుకు తగ్గినవి తీసేయండి. పొల్లు ముక్కనూ ఒకటిగా లెక్కించండి. ఇంకో మాట, పైఫెన్‌కు ఒక్కో మాటే ఇవ్వాలి. కామా, పుల్‌స్టాప్ అంటుకుని వెళ్తే చుక్క పెట్టిన ప్యాటర్న్ తగలదు.

ఐత్వం విషయం విడిగా చెప్పాలి. ‘రైలు’లోని ఐత్వం ఒకే కోడ్ పాయింట్‌గా ఉండవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా విడిపోయి ఉండవచ్చు. చూపుకు రెండూ ఒకటే. విడిపోయిన రూపం వస్తే, ఆ కింది గుర్తుకు ఫైల్లో ప్యాటర్న్ లేకపోతే, ఎత్వానికీ దానికీ మధ్యే తెగే ప్రమాదం ఉంది. లైబ్రరీకి ఇచ్చేముందు టెక్స్ట్‌ను ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడిపోయిన గుర్తులను ఒకే కోడ్ పాయింట్‌గా కలిపే రూపం) మార్చండి, ఒక్క లైను పని.

“అక్షరం ముగిస్తే ఎక్కడైనా తెంచవచ్చు.”

సందేశంలో ఈ మాట నేరుగా లేకపోయినా దాని వెనక నమ్మకం ఇదే. ‘తిరుచానూరు’ను ‘తిరుచా’ దగ్గర తెంచితే కింది వరుసలో ‘నూరు’ అని అంకె కనిపిస్తుంది. ‘పూతలపట్టు’ను ‘పూత’ దగ్గర ఆపితే తర్వాతది ‘లపట్టు’. అక్షరాలు చెదరలేదు, చదువరి మాత్రం తడబడ్డాడు. దీనికి నిఘంటువు అక్కర్లేదు, మినహాయింపుల చిట్టా చాలు. ఫైల్లో ‘.తి2రు1చా2నూ2రు’ అని చేరిస్తే ‘తిరు-చానూరు’ ఒక్కటే మిగులుతుంది. మొదటి చుక్క మాట ఆరంభానికి, చివర చుక్క పెట్టలేదు కాబట్టి ‘తిరుచానూరులో’, ‘తిరుచానూరుకు’ కూడా దీనిలోనే వస్తాయి. క్షేత్రాల పేర్లు, మండలాల పేర్లు ఇలా ఒక్కరోజు కూర్చుని రాసుకుంటే ఈ ప్రాంతపు పనికి ఏళ్ళ తరబడి ఉపయోగపడతాయి.

“ఆ కోడే తమిళానికీ, ఇంగ్లీషుకీ.”

యాత్రికుల కోసం నాలుగు భాషల్లో కరపత్రాలు వేసే తిరుపతిలో ఈ మాట అస్సలు చెల్లదు. తమిళంలో తిరుపతి పేరుకు ‘ప’ జంటగా వస్తుంది, ‘తిరుప్పతి’. కానీ తమిళ లిపిలో వత్తు లేదు. మొదటి ప మీద పుళ్ళి అనే చుక్క పెట్టి, రెండో ప పక్కన రాస్తారు. వరుస పుళ్ళి అక్షరంతో మొదలుకాకూడదు కాబట్టి, తెంచాల్సింది పుళ్ళి తర్వాత: ‘తిరుప్’, ‘పతి’. తెలుగు నియమం పొల్లుకు రెండు వైపులా తలుపు మూసి, ‘తిరు’ తర్వాత తెంచి, పుళ్ళి అక్షరాన్ని కింది వరుస మొదట్లో నిలబెడుతుంది. తెలుగులో తప్పయింది తమిళంలో ఒప్పు, తమిళంలో తప్పయింది తెలుగులో ఒప్పు. కన్నడం మాత్రం మన దారిలోనే నడుస్తుంది.

ఇంగ్లీషుకు లియాంగ్ ఇచ్చినవి 4,447 ప్యాటర్న్‌లు. అవీ నిఘంటువులోని హైఫన్లలో సుమారు 89 శాతమే పట్టుకుంటాయి. అమెరికా, బ్రిటన్ ఫైళ్ళు కూడా వేరు, ఉచ్చారణను బట్టి ఒకరు, పదమూలాన్ని బట్టి మరొకరు తెంచుతారు. కొన్ని భాషల్లో తెంచినప్పుడు స్పెల్లింగే మారుతుంది. జర్మన్‌లో 1996 సంస్కరణకు ముందు చక్కెర అని అర్థమిచ్చే ‘Zucker’ను తెంచితే ‘సి’ కాస్తా ‘కె’ అయ్యేది. హంగేరియన్‌లో ఇలాంటిది ఇప్పటికీ ఉంది. పైఫెన్‌కు ఈ మార్పు తెలుసు, కానీ దాని దగ్గర స్థానాల సంఖ్యలు మాత్రమే తీసుకుని మీరే గీత పెడితే ఆ మార్పు జారిపోతుంది. ప్రతి ముక్కకూ దాని భాష ట్యాగ్ పెట్టి, ఆ భాష ఫైలే తెరవాలి. వెబ్ పేజీలోనూ అంతే. భాష చెప్పకపోతే హైఫన్లను ‘ఆటో’లో పెట్టినా బ్రౌజర్ ఏ నియమం వాడాలో తెలియక మానేస్తుంది.

“సాఫ్ట్ హైఫన్లు పెట్టి సేవ్ చేసుకోండి.”

వద్దు. సాఫ్ట్ హైఫన్ కనపడకపోయినా టెక్స్ట్‌లో అదొక క్యారెక్టరే. డేటాబేస్‌లో ‘తిరుపతి’ అని వెతికితే మధ్యలో అది ఉన్న ‘తిరుపతి’ దొరకదు. కాపీ చేసినవాళ్ళకూ అంటుకుని పోతుంది. పొరపాటున పొల్లుకూ తర్వాతి హల్లుకూ మధ్య పడితే వరుస తెగకపోయినా వత్తు విడిపోయి కనిపిస్తుంది. అసలు టెక్స్ట్‌ను శుభ్రంగా ఉంచి, చూపించే క్షణంలోనో పీడీఎఫ్ తయారయ్యే క్షణంలోనో చేర్చండి. గీత కనిపించాలా వద్దా అన్నది వేరే నిర్ణయం. పాత తెలుగు పుస్తకాల్లో గీత లేకుండా తెంచడం చాలాచోట్ల కనిపిస్తుంది, సీఎస్‌ఎస్‌లో హైఫన్ క్యారెక్టర్‌ను ఖాళీగా పెడితే అదే వస్తుంది.

మీ అమరిక సరిపోయిందో లేదో ఈ మాటలతో చూడండి. తిరు-పతి రావాలి. చిత్తూరు, రైల్వే ఎక్కడా తెగకూడదు. పూతల-పట్టు, తిరు-చానూరు, శ్రీకాళ-హస్తి మినహాయింపులు రాశాకే వస్తాయి. సాఫ్ట్‌వేర్ మధ్యలో ఒక్కచోటే తెగాలి. సాఫ్ట్‌వేర్‌లో అన్నది కూడా పరీక్షించండి: ‘ర్’ ముందు తెగిందంటే ఆ రెండో ప్యాటర్న్ ఇంకా రాయలేదన్నమాట.