మాజీ సైనికుల మెదడు స్కాన్లంటే ఎక్సెల్ షీటు కాదండీ

పొద్దున్నే ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) ప్రకటన కనబడింది. అమెరికాలో మాజీ సైనికుల ఆరోగ్యం మీద బ్రెయిన్ ఇమేజింగ్, రెండేళ్ల ట్రైనింగ్. పైథాన్ రావాలి, డీప్ లెర్నింగ్ రావాలి, రీసెర్చ్ పేపర్లు రావాలి. చివర్లో, డేటా సేకరణ పని ఉండదని ఓ హామీ! అప్పట్నుంచీ ఒళ్లు మండిపోతోంది.

స్కానర్ దగ్గరికి పోనివాడికి ఇక ట్రైనింగ్ ఏమిటి? ఇరాక్, అఫ్ఘానిస్తాన్ వెళ్లొచ్చిన మనిషిని ఎంఆర్ఐ స్కానర్లోని 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) అయస్కాంతంలోకి పంపేముందు ఒంట్లో బాంబు ముక్కలేమైనా మిగిలాయా అని ఓపిగ్గా అడగాలి. కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందంటే ముందు కళ్లకి ఎక్స్‌రే తీయించాలి. లోపల ముక్క కదిలితే కన్ను పోతుంది. వీళ్లలో చాలామందికి చెవుల్లో హోరు. స్కానర్ చప్పుడేమో 100 డెసిబెల్స్ దాటుతుంది, అదీ తుపాకీ పేల్చినట్టు ఆగకుండా. చెవుల్లో ప్లగ్గులు పెట్టి, పైన హెడ్‌ఫోన్లు తగిలించి, ప్రతి సీక్వెన్సుకీ (ఒక్కో విడత స్కానుకీ) ముందు “ఇప్పుడు టకటకమని గట్టిగా మోగుతుంది సార్, ఆరు నిమిషాలు” అని చెప్పాలి. చేతిలో బంతి పెట్టి, నొక్కితే వెంటనే బయటికి తీస్తామని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఇదంతా చూడనివాళ్లకి డేటా ఎక్కడ చెడిందో ఎలా తెలుస్తుంది? కంగారు ఎక్కువున్నవాళ్లు తల కదిలిస్తారు. కదలిక 0.5 మిల్లీమీటర్లు దాటిన ఫ్రేములు (వరసగా తీసే మెదడు బొమ్మలు) తీసేసి, ఫ్రేములు చాలని మనుషుల్నీ తీసేస్తే, ముందు పోయేది జబ్బు ముదిరినవాళ్లే. మిగిలినవాళ్లని చూసి తేడా ఏమీ లేదని తేలుస్తారు! కళ్లు తెరుచుకుని పది నిమిషాలు ఊరికే పడుకోమంటే, స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉన్నాయన కునుకు తీస్తాడు, కనెక్టివిటీ (మెదడు భాగాల మధ్య లంకె) మారిపోతుంది. స్కానర్ భయానికి లోరాజెపామ్ (కంగారు తగ్గించే మాత్ర) వేసుకొచ్చాడా అన్నది రాసుకోకపోతే మందు ప్రభావం జబ్బు ఖాతాలో పడుతుంది. డిఫ్యూజన్‌లో (మెదడులోని నరాల దారుల్ని చూపించే స్కాన్‌లో) ఎదురు దిశలో, అంటే రివర్స్ ఫేజ్ ఎన్‌కోడింగ్‌తో, తీయాల్సిన చిన్న స్కాన్ మర్చిపోతే కళ్ల పైనుండే ఫ్రంటల్ (ముందు మెదడు) భాగంలో బొమ్మకి వచ్చిన వంకర సరిచేయడం గగనం. తలగాయంలో చూడాల్సిందే అక్కడ కదా! ఇక పేషెంట్లందరినీ పాత స్కానర్లో, కంట్రోల్స్‌ని (పోల్చడానికి తీసుకునే జబ్బు లేనివాళ్లని) కొత్తదాంట్లో తీశాక ఏ కామ్‌బాటూ (స్కానర్ల మధ్య తేడాల్ని లెక్కల్లో సరిచేసే పద్ధతి) కాపాడలేదు.

కంట్రోల్స్ అంటే గుర్తొచ్చింది, ఇది నా పాత కోపం. యుద్ధం చేసొచ్చిన నలభై ఏళ్ల మనిషిని క్యాంపస్‌లో దొరికిన 22 ఏళ్ల కుర్రాడితో పోలుస్తారు. తేడా రాక ఏమవుతుంది? వయసు, తాగుడు, నిద్రలేమి, నొప్పి మాత్రలు, డిప్రెషన్... ఇందులో పేలుడు వల్ల వచ్చిందెంత? యుద్ధానికి వెళ్లొచ్చి, పేలుడు దెబ్బ తగలని, పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవాల తర్వాత మనసుకి పట్టుకునే జబ్బు) లేనివాళ్లు కావాలి. వాళ్లని వెతకడం కష్టమని వదిలేస్తారు. మెదడుకీ ప్రవర్తనకీ లంకె నిలకడగా దొరకాలంటే వేలమంది కావాలని మారెక్ బృందం 2022లో నేచర్‌లో చూపించింది. అయినా ముప్పై మందితో పేపర్లు ఆగవు.

ఆ పేపర్లు పట్టుకుని రేపెవరో ఒక మాజీ సైనికుడికి రంగుల బొమ్మ చూపించి ఇదే నీ పీటీఎస్‌డీ అంటారు. ఒక్క మనిషి స్కాన్ చూసి పీటీఎస్‌డీ తేల్చే పద్ధతి ఇప్పటికీ లేదు. తేలికపాటి తలగాయంలో మామూలు సీటీ, ఎంఆర్ఐ చాలామందికి నార్మల్‌గానే వస్తాయి. అది చూసి నీకేం లేదు పొమ్మనడం ఇంకో అన్యాయం.

రెండేళ్లలో టైమెక్కడిదంటారు. యూనివర్సిటీ జీతం మీద వీఏ (మాజీ సైనికుల ప్రభుత్వ శాఖ) ఆసుపత్రిలో పనిచేయాలంటే వీఏ తరఫున జీతం లేని నియామకం, వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఐఆర్‌బీతోపాటు (పరిశోధనలో పాల్గొనే మనుషుల రక్షణ చూసే కమిటీ) వీఏ ఆర్ అండ్ డీ (పరిశోధన) కమిటీ అనుమతి. నెలలు పడుతుంది, నిజమే. ఆ నెలల్లో యూనివర్సిటీ స్కానర్ దగ్గర ఫాంటమ్‌ల (స్కానర్‌ని పరీక్షించడానికి పెట్టే నమూనా వస్తువుల) స్కాన్లు తీయించండి, టెక్నాలజిస్టు పక్కన కూర్చోబెట్టండి. ఎవరొద్దన్నారు?

వీఏ సైకాలజీ ఫెలోషిప్‌లకి అమెరికా పౌరసత్వం ఉండాలి కాబట్టి హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లే మన పిల్లలకి యూనివర్సిటీ దారే మిగులుతుంది. పిల్లలూ, ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: వారానికి ఎన్ని గంటలు స్కానర్ దగ్గర ఉంటాను? సేఫ్టీ ఫారం ఎవరు నింపిస్తారు? కంట్రోల్స్ ఎవరు? జవాబు నసిగారంటే ఆ ఆఫర్ వద్దు.