కొంచెం అడ్జస్ట్ అవ్వండి

ఇంగ్లీషువాడు అడ్జస్ట్ అనే మాటని చిన్నాచితకా పనులకే వాడుకున్నాడు. కుర్చీ ఎత్తు సరిచేసుకోవడానికి, సైకిల్ బ్రేకు బిగించుకోవడానికి, జారిపోయే కళ్లజోడు ముక్కు మీద నిలబెట్టుకోవడానికి. చేతిలో అంతటి మాట పెట్టుకుని వస్తువులతోనే సరిపెట్టుకున్నాడు, పాపం. అది మనుషుల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుందని కనిపెట్టింది మనం. ముందు 'కొంచెం' తగిలించి, చివర 'అవ్వండి' చేర్చి, రైలెక్కించాం.

సంక్రాంతికి ముందు సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే ఏ రైలైనా ఎక్కి చూడండి. స్లీపర్ బోగీలో పగటిపూట కింది బెర్తు మీద కూర్చోవాల్సింది ముగ్గురు. రిజర్వేషన్ తెరిచిన రోజే తెల్లారి లేచి, ఫోను ముందు కూర్చుని టికెట్ సాధించిన ముగ్గురు. కాజీపేట రాకముందే నాలుగో ఆయన వస్తాడు. ఆయన అడగడు. ముందు కూర్చుంటాడు, తర్వాత "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటాడు. ఖమ్మంలో ఆయన బావమరిది ఎక్కుతాడు. బావమరిదితో పాటు అరిసెల డబ్బా ఒకటి. అరిసెలు విరిగిపోతాయి కాబట్టి డబ్బాకి ఒడి కావాలి, ఆ ఒడి మీది. విజయవాడ వచ్చేసరికి టికెట్ ఉన్న పెద్దాయన కిటికీ ఊచ పట్టుకుని సగం సీటు మీద, సగం దేవుడి మీద భారం వేసి ఉంటాడు. ఏలూరు దగ్గర బాత్రూమ్‌కి లేస్తాడు. అది ఆయన చేసిన చారిత్రక తప్పిదం. తిరిగొచ్చేసరికి ఆ సగం కూడా ఉండదు. రాజమండ్రి వంతెన మీద ఆయన అలా నిలబడి గోదావరికి దణ్ణం పెట్టుకుంటుంటే, నాలుగో ఆయనకి జాలేసి, "నిలబడ్డారేంటి సార్, రండి, అడ్జస్ట్ అవుదాం" అని ఆయన సీట్లో అరచేయంత చోటు ఆయనకే దానం చేస్తాడు. పెద్దాయన థాంక్స్ చెప్తాడు!

ప్రయాణికుణ్ణి అని ఏం లాభం? రైల్వేవారికే ఈ విద్యలో డిగ్రీ ఉంది. దాని పేరు ఆర్‌ఏసీ. సైడ్ లోయర్ బెర్తు ఒకటి, మనుషులు ఇద్దరు, చార్జీ మాత్రం ఇద్దరి దగ్గరా పూర్తిగా. అది చాలక 2007 ప్రాంతంలో సైడు బెర్తుల మధ్య మూడోది ఇరికించారు. అందులో పడుకోవాలంటే మనిషిని చాపలా చుట్టి తోయాల్సి వచ్చింది. జనం తిట్లు పడలేక తీసేశారు.

దిగాక మాత్రం వదులుతుందా? కిరాణా కొట్టులో రెండు రూపాయల చిల్లరకి బదులు చాక్లెట్ అడ్జస్ట్ చేసుకోవాలి. అదే చాక్లెట్ మర్నాడు మనం ఇస్తే తీసుకోడు. విద్యాశాఖలోనైతే దీనికి ఫైలు, సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి: వర్క్ అడ్జస్ట్‌మెంట్. ఒక బడిలో లెక్కల సారు లేడా? పక్క బడి సారుని పంపిస్తారు. కాగితం మీద లెక్క సరిపోతుంది.

ఇక్కడ ఒక వ్యాకరణ రహస్యం ఉంది. మన దగ్గర అడ్జస్ట్ 'చేసేవాళ్లు' వేరు, 'అయ్యేవాళ్లు' వేరు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అద్దెకున్నవాళ్లు అడ్జస్ట్ అవ్వాలి. ఓనరు అద్దె దగ్గర అడ్జస్ట్ అయినట్టు ఎవరైనా విన్నారా? వీఐపీ కాన్వాయ్ వస్తుంటే ఊరంతా ఎండలో బండ్లు ఆపుకుని అడ్జస్ట్ అవుతుంది. కాన్వాయ్ ఒక్క అంబులెన్సు కోసం అడ్జస్ట్ అయితే మర్నాడు పేపర్లో ఫొటో వేస్తారు, అంత అరుదు కాబట్టి.

సినిమా రంగంలో ఈ మాటకి ఉన్న అర్థం అందరికీ తెలుసు, తెలియనట్టు నటించడం మర్యాద. మలయాళ సినిమా పరిశ్రమ గురించి జస్టిస్ హేమ కమిటీ రాసిన నివేదికలో 'అడ్జస్ట్‌మెంట్' అనే మాట నేరుగానే ఉంది. అవకాశం కావాలంటే ఆడవాళ్లు ఏం చేయాలని అడుగుతారో దానికి పెట్టిన ముద్దుపేరు అది. ఆ నివేదిక 2019 చివర్లో ప్రభుత్వం చేతికి అందింది, 2024 ఆగస్టులో బయటికొచ్చింది. మధ్యలో బీరువాలో అడ్జస్ట్ అయింది.

ఇక ఇళ్లలోకి వద్దాం. పెళ్లయి ఏడాది తిరక్కుండానే పిల్ల చేతి మీద వాతలతో పుట్టింటికి వస్తుంది. పెద్దమనుషులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. టీ వస్తుంది. "మగాడన్నాక కోపం ఉంటుంది, నువ్వే కొంచెం అడ్జస్ట్ అవ్వాలి తల్లీ." ఎంత కొంచెం? చెంపదెబ్బ వరకా, బెల్టు వరకా, కిరోసిన్ వరకా? ఆ కొలత ఒక్కడూ చెప్పడు. వాణ్ణి పిలిచి "చెయ్యి దించరా" అనడానికి ఆ ఆరు కుర్చీల్లో ఒక్క నోరూ లేవదు. పిల్ల తండ్రి వైపు తిరిగి, "మీరు కూడా ఆ బండి డబ్బులేవో అడ్జస్ట్ చేసేస్తే..." అంటారు. సిగ్గులేదా? వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. పెళ్లయిన ఏడేళ్లలోపు కోడలు అనుమానాస్పదంగా చనిపోతే అత్తింటి కట్నం వేధింపులు ఉన్నాయేమో చూడమని చట్టం చెప్తుంది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో నమోదైన వరకట్న మరణాలు 6,400కి పైనే. వాళ్లలో ఎంతమందిని ఈ ఒక్క మాట చెప్పి, బొట్టు పెట్టి, మళ్లీ ఆటో ఎక్కించారో పోలీసు రికార్డుల్లో ఉండదు. ఎక్కించినవాళ్లు మాత్రం దినం భోజనానికి వస్తారు.

మగపెళ్లివారు అడ్జస్ట్ కారని కాదు, వాళ్లకీ కొన్ని సిద్ధాంతాలుంటాయి. 2023లో నిశ్చితార్థం విందులో మూలుగ బొక్క వడ్డించలేదని జగిత్యాల వరుడి తరఫువాళ్లు గొడవకి దిగారు. పోలీసులు వచ్చి సర్దిచెప్పినా వినలేదు, నిజామాబాద్ అమ్మాయితో సంబంధమే రద్దు చేసుకుని పోయారు.

బతికిపోయింది.