ఫోల్డర్ తెరుచుకోకపోతే 'సుడో కొట్టు' అని వదిలేయకండి సార్

మా పిన్ని కొడుకు ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకుంటున్నాడు. విండోస్ కంప్యూటర్‌లోనే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టుకుని, అందులో ఉబుంటు అనే లైనక్స్ నడుపుతున్నాడు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, విండోస్‌లో షేర్ చేసిన ఫోల్డర్ ఉబుంటులో కనిపిస్తోంది కానీ తెరిస్తే పర్మిషన్ డినైడ్ అంటోంది. సార్‌ని అడిగితే సుడో కొట్టు అన్నారు. సుడోతో తెరుచుకుంటోంది, మామూలుగా తెరుచుకోవట్లేదు. సీహెచ్‌మోడ్ 777 కూడా కొట్టాను, ఏమీ మారలేదు."

సుడో అంటే కమాండ్‌ని రూట్ (సిస్టమ్ అడ్మిన్) అధికారంతో నడపడం. సీహెచ్‌మోడ్ 777 అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయడం. నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు. కారణం రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. వర్చువల్‌బాక్స్ ఆటోమౌంట్ చేసిన (తనంతట తానే ఉబుంటుకి తగిలించిన) ఫోల్డర్ ఉబుంటులో మీడియా డైరెక్టరీ కింద, పేరు ముందు 'ఎస్‌ఎఫ్' తగిలించుకుని వస్తుంది. దాని ఓనర్ రూట్, గ్రూప్ వీబాక్స్‌ఎస్‌ఎఫ్. రూట్‌కి, ఆ గ్రూపులో ఉన్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ లోపలికి దారి లేదు. మనం ఆ గ్రూపులో లేం, అంతే సంగతి. ఆ పర్మిషన్లు మౌంట్ అయ్యేటప్పుడే ఖాయమవుతాయి కాబట్టి సీహెచ్‌మోడ్ ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు.

యూజర్‌మాడ్ కమాండ్‌తో మన యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో సిస్టమ్ లాగిన్ అప్పుడే చూసుకుంటుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆ కమాండ్‌లో గ్రూపుని చెప్పే ఆప్షన్ పెద్ద 'జి', దాని ముందు చిన్న 'ఏ' తప్పకుండా ఉండాలి (-aG అని). అది మర్చిపోతే కొత్త గ్రూపు చేరుతుంది, పాత అదనపు గ్రూపులన్నీ పోతాయి. సుడో గ్రూపు కూడా పోతుంది. ఇక తన మెషీన్‌లో తనకే అధికారం ఉండదు. అర్థం కాకుండా కమాండ్ కాపీ కొట్టే పిల్లవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

అసలు ఫోల్డరే కనిపించకపోతే అది వేరే సమస్య, గెస్ట్ అడిషన్స్ (ఉబుంటు లోపల పెట్టే వర్చువల్‌బాక్స్ సహాయక సాఫ్ట్‌వేర్) సరిగ్గా ఇన్‌స్టాల్ అయ్యాయో లేదో ముందు చూడండి.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. వాడి రూమ్మేట్ డి డ్రైవ్ మొత్తాన్నీ షేర్ చేసేశాడు. క్లాసులో అలాగే చూపించారట. ఉబుంటులో డిలీట్ ప్రాక్టీస్ చేస్తూ ఆర్‌ఎమ్ కమాండ్‌ని పొరపాటున ఆ ఫోల్డర్ మీదే నడిపాడు. వాళ్ల అక్క పెళ్లి ఫొటోలు పోయాయి. అలా డిలీట్ చేసినవి విండోస్ రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. వర్చువల్ మెషీన్‌లో ఏం చేసినా బయటి కంప్యూటర్‌కి ఏమీ కాదని పిల్లలకు ధైర్యం చెప్తాం కదా, షేర్ చేసిన ఫోల్డర్ దగ్గర ఆ మాట చెల్లదు. అందుకే దీనికోసం ఒక చిన్న ఖాళీ ఫోల్డర్ పెట్టుకోండి. చదువుకోవడానికి మాత్రమే కావాలంటే రీడ్ ఓన్లీ టిక్ పెట్టండి.

ఇంకో మాట, ప్రాజెక్టుని అందులో నడపకండి. వర్చువల్‌బాక్స్ భద్రత కోసం షేర్డ్ ఫోల్డర్లలో సిమ్‌లింకులు (ఇంకో ఫైల్‌కి దారి చూపే షార్ట్‌కట్ లాంటివి) సృష్టించడాన్ని మామూలుగా ఆపేసి ఉంచుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ ఏర్పాటు), ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే కమాండ్) ఈ సిమ్‌లింకులు వాడతాయి కాబట్టి, అక్కడ ఎర్రర్ ఇస్తే తప్పు మీ కోడ్‌లో ఉందని రాత్రంతా వెతుక్కోకండి. కోడ్ ఉబుంటు హోమ్ డైరెక్టరీలో ఉంచి, ఫైళ్లు ఇటూ అటూ పంపడానికే షేర్డ్ ఫోల్డర్ వాడండి.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ పాఠాలు చెప్పే సార్లకు నా విన్నపం. ఊళ్లో అమ్మానాన్నలు అప్పు చేసి ఫీజు కట్టి పంపిన పిల్లలు వీళ్లు. ఓనర్, గ్రూప్, మిగతావాళ్లు అన్న లైనక్స్ పాఠం మొత్తం ఆ ఒక్క ఎర్రర్‌లోనే ఉంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ (ఫైళ్ల ఓనర్, గ్రూప్, పర్మిషన్లు చూపే కమాండ్) కొట్టించి, వచ్చిన లైన్‌ని బోర్డు మీద రాసి, ఒక్కో అక్షరం ఏమిటో చెప్పండి. మావాడికి ఆ రాత్రి ఫోన్‌లో అదే చెప్పాను. లాగిన్ అయ్యాక ఐడీ కమాండ్ కొట్టి, "అన్నా, గ్రూపుల్లో వీబాక్స్‌ఎస్‌ఎఫ్ వచ్చింది" అని వాడే చూసి చెప్పాడు.