పాత స్లైడ్లు: మెరుగులు తర్వాత, ముందు స్కాన్

1965 తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లలో పలువురు ఆ రోజుల్లో ఫోటోలు తీసింది ప్రొజెక్టర్‌లో పెట్టి గోడమీద చూసే స్లైడ్ ఫిల్ము మీదే. ఆ పెట్టెలు ఇప్పుడు అక్కడి బేస్‌మెంట్లలోనో ఇక్కడి అటకల మీదో పడి ఉన్నాయి. పిల్లలు వాటిని దించి స్కానింగ్‌కి ఇస్తే, తరచుగా తిరిగొచ్చేది మెరుగులు దిద్దిన జేపెగ్‌లు, అంటే కుదించిన మామూలు ఫోటో ఫైళ్లు. నా అభ్యంతరమంతా అక్కడే.

స్లైడుకు నెగెటివ్ ఉండదు. కెమెరాలో వెలుతురు తగిలిన ఫిల్మే డెవలప్ అయి అట్ట ఫ్రేములో కూర్చుంటుంది. 24×36 మిల్లీమీటర్ల ఆ ముక్క పాడైతే మళ్లీ కడిగించుకోవడానికి ఏమీ మిగలదు.

అన్ని స్లైడ్లూ ఒకేలా పాడవవు. కోడాక్ కంపెనీ 1960ల నాటి ఎక్టాక్రోమ్ ఫిల్ములో సయాన్ (నీలి ఆకుపచ్చ) రంగు ముందు వెలిసిపోతుంది, బొమ్మంతా ఎర్రబారుతుంది. అదే కంపెనీ కోడాక్రోమ్ ఫిల్ము చీకట్లో ఉంచితే దశాబ్దాలు చెక్కుచెదరదు, కానీ ప్రొజెక్టర్ లైటుకు తట్టుకోలేదు. ఇష్టపడి మళ్లీ మళ్లీ గోడమీద వేసుకుని చూసిన ఫోటోలే ముందు వెలిసిపోతాయన్నమాట. ఇక మన కోస్తా ఉక్కపోతకు పట్టే బూజు బొమ్మ నిలిచి ఉన్న జెలటిన్ పొరనే తినేస్తుంది. బూజు పట్టిన స్లైడును నీళ్లతో తుడిస్తే ఆ పొర కరిగి బొమ్మే ఊడిపోవచ్చు.

వెలిసిన రంగును కంప్యూటర్లో చాలావరకు వెనక్కి తేవచ్చు, స్కాన్‌లో సమాచారం ఉంటే! జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 ఛాయలే. వాటిని సాగదీస్తే ఆకాశంలో చారలు పడతాయి. 16 బిట్ టిఫ్ అనే కుదించని ఫైలులో 65,536 ఛాయలు ఉంటాయి. 4000 డీపీఐలో (అంగుళానికి 4000 చుక్కలు) అలాంటి ఒక్కో ఫైలు దాదాపు 128 ఎంబీ అవుతుంది. హార్డ్‌డిస్కులు చవకైన ఈ రోజుల్లో అది పెద్ద భారమేమీ కాదు.

దుమ్ము తీసే ఆటోమేటిక్ పద్ధతినీ గుడ్డిగా నమ్మకూడదు. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తుంది. మామూలు కలర్ ఫిల్ములో రంగులు ఆ కాంతిని వదిలేస్తాయి, దుమ్ము అడ్డుకుంటుంది. కోడాక్రోమ్ రంగులు కొంత అడ్డుకుంటాయి కాబట్టి స్కానర్ ఫోటోలోని మనిషి జుట్టునీ చీర అంచునీ దుమ్మనుకుని చెరిపేసే ప్రమాదం ఉంది. ఏఐతో ముఖాలు 'బాగుచేయడం' ఇంకా అన్యాయం. మసకగా ఉన్న అమ్మమ్మ ముఖం స్థానంలో ఎవరిదో నున్నటి ముఖం వచ్చి కూర్చుంటుంది. రేపు మనవలు అదే ఆమె అనుకుంటారు. అలాంటిది కావాలంటే కాపీ మీద చేసుకోండి, అసలు స్కాన్ జోలికి పోవద్దు.

అట్ట ఫ్రేమునూ ఫోటో తీయించండి. చాలా కోడాక్రోమ్ ఫ్రేముల మీద నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. అది ఫోటో తీసిన తేదీ కాదు, డెవలప్ చేసిన తేదీ. అయినా ఏ ఏడాదో తేల్చడానికి అదే ఆధారం. పక్కన పెన్నుతో రాసిన ఊరి పేరు స్కాన్‌లో రాదు. పని అయ్యాక స్లైడ్లు పారేయకుండా పొడిగా, చల్లగా, చీకట్లో దాచండి.

వాయిదా వేసేకొద్దీ ఇబ్బందే. నికాన్ కూల్‌స్కాన్ అనే మంచి ఫిల్ము స్కానర్ల తయారీ ఆగిపోయింది, పాతవాటికి రిపేరు కష్టం. అవి దొరకని చోట దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్సు, స్థిరంగా నిలిచే స్టాండు, మంచి ఎల్‌ఈడీ లైటు ఉన్న డిజిటల్ కెమెరాతో నాణ్యమైన కాపీలే వస్తాయి. ముందు గాలి ఊదే బ్లోయర్‌తో దుమ్ము ఊది, కెమెరా మార్పులు చేయని రా ఫార్మాట్‌లో తీయమని చెప్పండి.