చీటీ మహాత్మ్యం

వైన్ వ్యాపారం ద్రాక్షపండు నుంచి పుట్టిందని లోకంలో ఒక అపోహ ఉంది. దీన్ని వెంటనే ఖండించాలి. జార్జియా దేశంలో ఎనిమిది వేల ఏళ్ల నాటి కుండపెంకులకు వైన్ ఆనవాళ్లు అంటుకుని ఉన్నాయని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించగానే, అదిగో పుట్టిల్లు అని అందరూ చప్పట్లు కొట్టారు. వైన్ అక్కడ పుట్టి ఉండొచ్చు, కాదనను. వ్యాపారం మాత్రం పుట్టలేదు. ఆ కుండల మీద తోట పేరు లేదు, తయారైన ఏడు లేదు, యజమాని పేరు లేదు. చీటీ అంటించని కుండలో ఉన్నది తాగే పదార్థమే తప్ప సరుకు కాదు.

ఈజిప్టువాళ్లకు ఈ సూక్ష్మం బాగా తెలుసు. 1922లో టుటన్‌ఖామున్ సమాధి తెరిస్తే బంగారంతో పాటు వైన్ జాడీలూ బయటపడ్డాయి. వాటిలో 26 జాడీల మీద సిరాతో రాసి ఉంది: రాజుగారి ఏలుబడిలో ఎన్నో ఏడు, ఏ తోట, తయారీకి పెద్ద ఎవరు. లోపలి రసం ఎప్పుడో ఎండి మరకైపోయింది. రాత మాత్రం మూడు వేల ఏళ్లు నిలిచింది. రెండింటిలో ఏది అసలు సరుకో వేరే చెప్పాలా? పైలోకంలో ఎవరైనా "ఏ తోటదండీ?" అని అడిగితే రాజుగారు నీళ్లు నమలకూడదు కదా.

రోమన్ల కాలానికి ఈ విద్య వీధిలోకి వచ్చింది. పాంపేయిలో ఒక తాగుడు కొట్టు గోడ మీద ధరలు రాసి ఉన్నాయి. ఒక నాణెం ఇస్తే ఇక్కడ తాగొచ్చు, రెండిస్తే ఇంకాస్త మంచిది తాగొచ్చు, నాలుగిస్తే పేరుమోసిన ఫలెర్నియన్ వైన్ తాగొచ్చు. మొదటి రెండిటికీ పేరే లేదని గమనించాలి. పేరున్నదానికి నాలుగు రెట్లు. ఆ రోజుల్లోనే రోమన్ రచయిత పెద్ద ప్లినీ, కల్తీ లేని వైన్ గొప్పింటివాళ్లకు కూడా దొరకడం లేదని రాసి వాపోయాడు. అలాంటిది సందు చివరి కొట్టుకు అసలు ఫలెర్నియన్ ఎలా వచ్చినట్టు? క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై, ఫిర్యాదుదారు ప్లినీనీ నిందితుడి కొట్టునూ ఒకేసారి మింగేయడంతో విచారణ ముందుకు సాగలేదు.

చీటీ చదవలేనివాళ్ల దగ్గర బేరం మరోలా ఉండేది. గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సులో, ఇటలీ వర్తకులు ఒక జాడీ వైన్ ఇచ్చి ఒక మనిషిని బానిసగా తీసుకుపోయేవారని గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ఈ వాక్యం దగ్గర వ్యంగ్యానికి పని లేదు.

ఇక ఫ్రాన్సులోని బోర్డో. 1152లో బోర్డో ఉన్న అక్విటేన్ ప్రాంతపు ఏలిక ఎలియనోర్ పెళ్లాడిన హెన్రీ రెండేళ్లలో ఇంగ్లండు రాజయ్యాడు. దాంతో ఆవిడ పుట్టింటి వైన్‌కు అత్తింట మూడు వందల ఏళ్ల గిరాకీ కుదిరింది. అయితే నదికి ఎగువనున్న ఊళ్లలో కూడా ద్రాక్ష పండేది, ఖర్మ. వాళ్ల పీపాలు బోర్డో రేవు మీదుగానే పోవాలి. కాబట్టి ఎగువ వైన్ ముందు నవంబరు 11 దాకా, తర్వాత్తర్వాత క్రిస్మస్ దాకా రేవులో దిగకూడదని బోర్డోవాళ్లు కట్టడి పెట్టారు. శరదృతువులో వచ్చిన ఇంగ్లండు ఓడలు అప్పటికి నిండిపోయి వెళ్లిపోయేవి. బోర్డో పీపా కొలత కూడా బోర్డోవాళ్లదే, ఇంకెవరూ వాడరాదు. దీన్ని కొందరు గుత్తాధిపత్యం అంటారు. నేను నాణ్యతా పరిరక్షణ అంటాను. 1776 ఏప్రిల్లో ఫ్రాన్సు మంత్రి తుర్గో ఈ కట్టడిని రద్దు చేశాడు. మే నెలలో అతని పదవి ఊడింది. ఇదొక్కటే కారణం కాదులెండి. అయినా వైన్ జోలికి వెళ్లే మంత్రులు ఈ రెండు నెలలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది.

పోర్చుగల్ మంత్రి పోంబాల్ తెలివైనవాడు. వదిలేయడం కాదు, బిగించడం నేర్చాడు. అప్పట్లో పోర్టు వైన్‌కు రంగు రావడానికి ఎల్డర్‌బెర్రీ పళ్లు కలిపేవారు. 1756లో ఆయన వర్తకం మీద పెత్తనం ఒక కంపెనీకి కట్టబెట్టాడు, ఆ తర్వాత డౌరో లోయ చుట్టూ రాతి స్తంభాలు పాతించాడు. స్తంభానికి ఇవతల పండితే మేలురకం, అవతల పండితే మామూలు రకం. ఆ ప్రాంతంలో ఎల్డర్‌బెర్రీ చెట్లనే పీకించేశాడు. కల్తీ చేసేవాణ్ని పట్టుకోవడం కన్నా చెట్టును పట్టుకోవడం సులువు, పారిపోదు. 1757లో పోర్టో నగరంలో జనం కంపెనీ మీద తిరగబడితే పలువురిని ఉరి తీయించాడు. నాణ్యతంటే అంత పట్టింపు.

చీటీ శాస్త్రానికి పరాకాష్ఠ మాత్రం 1855. పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్‌లకు తరగతులు నిర్ణయించమంటే అక్కడి దళారులు రెండు వారాల్లో జాబితా చేతిలో పెట్టారు. అన్ని తోటల వైన్ అంత తొందరగా ఎలా రుచి చూశారని అడక్కండి. ధరల పుస్తకం చూశారు. ఎక్కువ ధర పలికింది కాబట్టి మొదటి తరగతి. మొదటి తరగతి కాబట్టి ఎక్కువ ధర. ఆ తర్వాత యజమానులు మారారు, పక్క పొలాలు కొని కలుపుకున్నారు, ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు తోటలను తినేస్తే అమెరికా వేళ్ల మీద అంట్లు కట్టి మళ్లీ పెంచారు. మొక్కా మట్టీ మారినా జాబితా మారలేదు. చెప్పుకోదగ్గ మార్పు ఒకటే: 1973లో ముతోన్ రోత్‌షిల్డ్ తోటను రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కించడం. సంతకం పెట్టిన వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. తుర్గోతో పోల్చి చూసుకోండి.

ఇంత పవిత్ర వ్యవస్థ మీద 1976 మే 24న దారుణం జరిగింది. పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు తొమ్మిదిమంది ఫ్రెంచి ఉద్దండులను కూర్చోబెట్టి, ఏ సీసాదో చెప్పకుండా ఫ్రాన్సు వైన్‌లూ కాలిఫోర్నియా వైన్‌లూ పోశాడు. చీటీ తీసేసి వైన్ తాగమనడం సంస్కారమేనా? ఒక పెద్దమనిషి కాలిఫోర్నియా వైన్ గుక్క వేసి, హమ్మయ్య, మళ్లీ ఫ్రాన్సుకు వచ్చాం అని మురిసిపోయాడు. చివరికి తెల్లదానిలోనూ ఎర్రదానిలోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకే. ఒడెట్ కాన్ అనే న్యాయనిర్ణేత తన మార్కుల కాగితాలు తనకు ఇచ్చేయమని అడిగింది. ఆవిడ బాధ నాకు అర్థమైంది.

ఈ గాయాన్ని మాన్పినవాడు రూడీ కుర్నియావాన్. ఇతను అమెరికాలో తన ఇంట్లోనే చీటీలు, బిరడాలు, పాత సీసాలు పోగేసి, ప్రాచీన వైన్‌లను తాజాగా తయారుచేశాడు. కోటీశ్వరులు తాగి పరవశించారు. 2008లో న్యూయార్క్ వేలానికి ఫ్రాన్సులోని పోన్సో వంశంవారి క్లో సాన్ దెనీ వైన్ పెట్టాడు, 1945 మొదలు 1971 దాకా ఏళ్లవి. ఆ వంశం ఆ వైన్ చెయ్యడం మొదలెట్టిందే 1980ల్లో. లోరాన్ పోన్సో స్వయంగా వచ్చి ఆపించాడు. 2014లో కుర్నియావాన్‌కు పదేళ్ల శిక్ష పడింది. గోడ మీద ఫలెర్నియన్ రాసుకున్న పాంపేయి కొట్టువాడికి మాత్రం ఏ శిక్షా లేదు, పర్యాటకులు వచ్చి చూస్తున్నారు.

మన తెలుగువాళ్లు ఈ రంగంలో వెనకబడ్డారని కొందరి బెంగ. అనవసరం. మన ఊళ్లలో "వైన్స్" అని బోర్డున్న కొట్లో బ్రాందీ, విస్కీ, బీరు దొరుకుతాయి. అంటే చీటీని సరుకు నుంచి పూర్తిగా విడదీశాం. పోంబాల్ వల్ల కూడా కాలేదు ఆ పని. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఇంకో మెట్టెక్కింది. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు రుసుము రెండు లక్షలు, లాటరీలో దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా మూత తియ్యకముందే ఖజానాకు దాదాపు 1,798 కోట్లు చేరాయి.